కబోర్డు పనికి నాలుగంగుళాల కట్టరా, ఏడంగుళాల సర్క్యులర్ సానా?

ఇంట్లో సొంతంగా ప్లైవుడ్ కబోర్డు చేసుకుందామని హార్డ్‌వేర్ షాపుకెళ్తే ముందు చూపించేది నాలుగంగుళాల కట్టరే. టైల్స్ కోసేదే, చెక్క బ్లేడు బిగిస్తే సరిపోతుందంటారు. మన కార్పెంటర్లు చాలామంది దాంతోనే పని కానిచ్చేస్తారు, కాదనను. చవక, తేలిక, 18 మి.మీ. ప్లై ఒకేసారికి తెగుతుంది. కానీ నిమిషానికి 12 వేల చుట్లకు పైనే తిరిగే ఆ బ్లేడుకి తనంతట తాను మూసుకునే మూత ఉండదు, స్విచ్ ఆపాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లకైతే సరే, కొత్తవాళ్లకు మాత్రం వద్దు. ఇక ఇనుము కోయడానికీ, అరగదీయడానికీ వాడే యాంగిల్ గ్రైండర్‌కి చెక్క బ్లేడు బిగించమని ఎవరైనా సలహా ఇస్తే దండం పెట్టి వచ్చేయండి.

నా ఓటు ఏడంగుళాల సర్క్యులర్ సాకే, అంటే గుండ్రటి బ్లేడుతో చెక్క కోయడానికే చేసిన చేతి మెషీన్‌కే. కోత అయిపోగానే కింది మూత స్ప్రింగుతో మూసుకుంటుంది, బేస్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి అటూఇటూ ఒరగదు. తిన్నని అల్యూమినియం పట్టీని రెండు సీ క్లాంపులతో షీటుకి బిగించి, బేస్ అంచుని దానికి ఆనించి నెట్టుకుంటూ పోతే ఎనిమిదడుగుల కోత కూడా తిన్నగా వస్తుంది. దాంతోపాటు వచ్చే తక్కువ పళ్ల బ్లేడు తీసేసి 40 పళ్లదో 60 పళ్లదో వేయండి, లేకపోతే ప్లై అంచు పెచ్చులు లేస్తుంది. పళ్లు కింది నుంచి పైకి వస్తాయి కాబట్టి అందమైన వైపు కిందికి ఉండాలి.

బల్లలోంచి బ్లేడు పైకి ఉండే టేబుల్ సా మంచిదే, కానీ 30 కిలోలు దాటే 8x4 అడుగుల షీటుని అపార్టుమెంటు బాల్కనీలో ఒక్కరే దాని మీదికి నెట్టడం అయ్యే పని కాదు. సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్‌సా వంపులకీ, సింక్ కోసం తీసే కన్నానికీ తప్ప తిన్నని కోతకి పనికిరాదు.

డ్రిల్ విషయానికొస్తే గోడకి కన్నాలు వేసే ఇంపాక్ట్ డ్రిల్ కంటే, స్క్రూ బిగుసుకోగానే తిప్పడం ఆపేసే క్లచ్ ఉన్న 12 వోల్టుల కార్డ్‌లెస్ మేలు. క్లచ్ లేకపోతే స్క్రూ తల ప్లైలోకి దిగబడిపోతుంది. ప్లై అంచులోకి స్క్రూ ఎక్కించే ముందు 3 మి.మీ. బిట్‌తో చిన్న కన్నం వేయాల్సిందే, లేదంటే పొరలు విచ్చుకుంటాయి. తలుపు హింజ్ కూర్చునే గుండ్రటి గుంటకి 35 మి.మీ. బిట్ కావాలి, లోతు 12, 13 మి.మీ. దాటనివ్వకండి.

సన్‌మైకా మీరే అంటిస్తానంటేనే, అంచు దాటిన సన్‌మైకాని సమంగా కోసే ట్రిమ్మర్ కొనండి. ముందే లామినేట్ వేసిన బోర్డు తెచ్చుకుంటే దాని అవసరం పెద్దగా పడదు. అన్నట్టు, మీ ఊళ్లో ప్లైవుడ్ షాపువాళ్లు కొలతలకి కోసిచ్చేలా ఉంటే కోత మెషీన్ జోలికే పోకండి, ఆ డబ్బులు మంచి డ్రిల్ మీదా, క్లాంపుల మీదా పెట్టండి.