ఏ350లో మూడు తరగతులు: హైదరాబాదు నుంచి అమెరికా దాకా కొన్నేళ్ల అనుభవం

హైదరాబాదు నుంచి షికాగోకు 2021 జనవరిలో మొదలైన నేరు సర్వీసు నిలవలేదు కాబట్టి, అమెరికాలో మనవాళ్లున్న కుటుంబాలన్నీ గల్ఫ్‌లోనో, యూరప్‌లోనో, ఢిల్లీలోనో విమానం మారి వెళ్లవలసిందే. శంషాబాదులో తెల్లవారుజామున ఎక్కే మొదటి విమానంలో కొన్ని గంటలు ఎలాగో గడిచిపోతాయి. అసలు పరీక్ష రెండో విమానంలోనే ఉంటుంది, ఎందుకంటే గల్ఫ్ నుంచి న్యూయార్క్‌కు పద్నాలుగు గంటలు, ఢిల్లీ నుంచి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ రెండో విమానం నాకు కొన్నేళ్లుగా ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ350గానే తటస్థపడుతోంది. ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్యదైన ప్రీమియం ఎకానమీలో, ప్రయాణాల మీద పాయింట్లుగా పోగైన మైళ్లు ఖర్చుపెట్టినప్పుడు బిజినెస్ క్లాసులో, సొంత డబ్బుతో న్యూజెర్సీలోని అక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు ఎకానమీలో ప్రయాణించాను. విమాన సంస్థలు వేరైనా విమానం ఒకటే కావడం వల్ల, దీనిలో విమానం తయారు చేసినవారు ఇచ్చిన సుఖమేది, టికెట్ అమ్మినవారు ఇచ్చిన సుఖమేది అన్న తేడా నాకు నెమ్మదిగా తెలిసివచ్చింది. మొదటిది అన్ని తరగతులకూ సమానంగా అందుతుంది. రెండోది తరగతిని బట్టే కాక సంస్థను బట్టి కూడా మారిపోతుంది, పైగా కరపత్రాల్లో కనిపించేంత సూటిగా ధరతో పాటు పెరగదు.

ముందుగా గాలి సంగతి చెప్పాలి. పాత అల్యూమినియం విమానాల్లో క్యాబిన్ లోపలి గాలి పీడనం దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానంగా ఉండేది. నిబంధనలు అనుమతించే పరిమితి కూడా అదే. ఏ350, బోయింగ్ 787ల ఒళ్లు సగానికి పైగానో, సగం దాకానో కార్బన్ ఫైబర్ మిశ్రమ పదార్థంతో తయారవుతుంది. ఆ పదార్థం పీడనం వల్ల అలసిపోవడం, తేమ వల్ల తుప్పు పట్టడం అల్యూమినియం కన్నా చాలా తక్కువ కాబట్టి, క్యాబిన్‌ను 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచగలుగుతున్నారు. మనకు తెలిసిన ఊళ్లలో చెప్పుకుంటే, 8,000 అడుగులంటే సుమారు 2,440 మీటర్లు, అంటే ఊటీకన్నా పై ఎత్తు; 6,000 అడుగులంటే దాదాపు కూనూరు ఎత్తు. ఎత్తు తేడా చిన్నదిగానే కనిపించినా, అందులో పద్నాలుగు గంటలు కూర్చోవడం వేరు. ఈ విషయం మీద బోయింగ్ సహాయంతో జరిగి 2007లో వెలువడిన ఒక వైద్య పరిశోధనలో, పీడన గదిలో గంటల తరబడి కూర్చున్న వాలంటీర్లకు 7,000–8,000 అడుగుల స్థాయిలో మూడు గంటలు దాటాక అసౌకర్యం పెరిగినట్టు తేలింది. నా అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది. పాత విమానాల్లో దిగేసరికి పట్టే తలనొప్పి నాకు ఏ350లో ఎకానమీలో కూర్చున్నప్పుడు కూడా అరుదుగానే వస్తోంది.

తేమ విషయంలో మాత్రం నేను అంత ఉత్సాహంగా లేను. మునుపటికన్నా మెరుగన్నది నిజమే గాని, గొంతు ఎండడం, పెదవులు పగలడం, కళ్లు మండడం ఏ తరగతిలోనూ తప్పలేదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు ఎక్కగానే తీసేసి కళ్లద్దాలు పెట్టుకోవడం మేలు.

ఇంజిన్ల హోరు తగ్గడం రెండో వరం, కాకపోతే దానికీ ఒక వెల ఉంది. ఏ350లో రెక్కకు ముందున్న భాగంలో కూర్చుంటే మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. హోరు తగ్గినందువల్ల మూడు వరుసల అవతల పసిపిల్ల ఏడుపు, పక్కాయన గురక, వెనుక గ్యాలీలో, అంటే విమానంలోని వంటగదిలో, ట్రేలు తోసే చప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి. పాత విమానాల హోరులో ఇవన్నీ మునిగిపోయేవి. ఎకానమీలో చివరి వరుసలు చవకగా దొరికినా నేను తీసుకోకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఇక సీట్లు. ఏ350 క్యాబిన్ లోపలి వెడల్పు 5.61 మీటర్లు. అందులో ఎకానమీ వరుసకు తొమ్మిది సీట్లు, అంటే మూడు-మూడు-మూడుగా అమర్చితే ఒక్కొక్కటి దాదాపు 18 అంగుళాల వెడల్పు వస్తుంది. 787 లోపలి వెడల్పు 5.49 మీటర్లే అయినా చాలా సంస్థలు అందులోనూ తొమ్మిదే పెట్టడంతో సీటు 17 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా మిగులుతోంది. అదే విమానంలో ఎనిమిది సీట్ల వరుస కూడా సాధ్యమేనని జపాన్ ఎయిర్‌లైన్స్ తన అంతర్జాతీయ విమానాల్లో చూపించింది. 5.86 మీటర్ల వెడల్పున్న బోయింగ్ 777లో ఒకప్పుడు తొమ్మిది సీట్లుండగా ఇప్పుడు ఎక్కువ సంస్థల్లో పది అయ్యాయి. ఏ350లోనూ పది సీట్లు బిగించిన సంస్థలు కొన్ని ఉన్నాయి కాబట్టి, విమానం పేరు చూసి సంతోషించి టికెట్ కొనేస్తే సరిపోదు. ఒక్క అంగుళమే కదా అనిపించవచ్చు, కానీ సీటు వెడల్పును కొలిచేది చేతులు ఆనించే ఆ రెండు కొమ్ముల మధ్య; పెద్దవాళ్ల భుజాలు అంతకన్నా వెడల్పుగా ఉంటాయి. ఆ అంగుళం ఉంటే పక్కవారి భుజం అప్పుడప్పుడు తగులుతుంది, లేకపోతే పద్నాలుగు గంటలూ తగులుతూనే ఉంటుంది. ఎకానమీలో నేను కాళ్ల చోటుకన్నా ముందు వెడల్పును చూస్తున్నది ఇందుకే.

కాళ్ల చోటు సాధారణంగా 31, 32 అంగుళాలుగా రాస్తారు. అది ఒక సీటు మీది బిందువు నుంచి ముందు సీటు మీది అదే బిందువుకున్న దూరమే తప్ప మోకాలికి మిగిలే జాగా కాదు. ఇప్పటి సీట్ల వీపు పలచబడటంతో మోకాళ్లకు మునుపటికన్నా వీలుగానే ఉంటుంది. కానీ పలచబడింది వీపు మాత్రమే కాదు, కూర్చునే దిండు కూడా. మొదటి నాలుగైదు గంటలు దాని లోటు తెలియదు. ఆరో గంట తర్వాత కింది పలక తగులుతున్నట్టే ఉంటుంది. సంస్థ ఇచ్చే దుప్పటిని నాలుగు మడతలు వేసి తొడల కింద పెట్టుకోవడం నాకు అలవాటైంది. చలి వేస్తే కప్పుకోవడానికి ఒక శాలువా ఇంటి నుంచే తెచ్చుకుంటాను.

మూడు-మూడు-మూడు అమరికలో మధ్య వరసలోని నడవా పక్క సీటు నాకు అన్నిటికన్నా నచ్చింది. కిటికీ వైపు వరసలో నడవా పక్కన కూర్చుంటే లోపలి ఇద్దరూ మనల్ని లేపే బయటికి వెళ్లాలి. మధ్య వరసలో ఇబ్బంది పెట్టగలిగేది ఒక్కరే, వారూ రెండో వైపు నుంచి వెళ్లే వీలుంది. విభజన గోడ ఎదుటి మొదటి వరుసలో కాళ్లకు చోటుంటుందని చాలామంది అదనంగా డబ్బు కడతారు. అక్కడ ట్రే చేతి కొమ్ములోంచే రావలసి ఉంటుంది కనుక ఆ కొమ్ములు లేవవు, సీటు కాస్త ఇరుకవుతుంది, పైగా పసిపిల్లల ఉయ్యాలలు తగిలించేది ఆ గోడకే. అత్యవసర ద్వారం పక్కన కాళ్లు బారచాపుకోవచ్చు గాని తలుపు నుంచి వచ్చే చలి పాదాలకు తెలుస్తుంది. మరో చిన్న సంగతి: నడవా వైపు చేతి కొమ్ము లేవదని అందరూ అనుకుంటారు, చాలా సీట్లలో దాని కింద, కీలు దగ్గర, ఒక చిన్న మీట ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది నొక్కి కొమ్ము పైకెత్తితే లేవడం, కూర్చోవడం ఎంతో సులువవుతుంది.

ప్రీమియం ఎకానమీ గురించి నా అభిప్రాయం కాలక్రమంలో మారింది. ఏ350లో వీటిని సాధారణంగా రెండు-నాలుగు-రెండుగా, సుమారు 38 అంగుళాల దూరంలో అమరుస్తారు. పగటి ప్రయాణానికి ఇంతకన్నా అర్థవంతమైన ఖర్చు లేదు. భుజానికి భుజం తగలదు, ముందువారు సీటు వాల్చినా మన లాప్‌టాప్ మూతపడదు, ఇద్దరే ఉన్న వరసలో భార్యాభర్తలు మూడో మనిషి లేకుండా కూర్చోవచ్చు. రాత్రి నిద్ర దగ్గరే దీని బలహీనత బయటపడుతుంది. సీటు ఎంత వాలినా అది పడక కాదు. వాలిన కొద్దీ నడుము ముందుకు జారుతుంది, పాదాలకు గట్టి ఆనిక లేకపోతే గంటకోసారి మళ్లీ పైకి జరగాలి. పిక్కలకు ఆనించే పలక నా ఎత్తువారికి పనికొస్తుంది గాని, పొట్టివారికి అది మోకాలి వెనకనే ఒత్తుకుంటుంది. నేను ఎక్కువసార్లు వెళ్లిన ఒక సంస్థలో ఆ పలక సగం సీట్లలో సరిగా లేచేది కాదు. ఎకానమీ ధరకు ఒకటిన్నర రెట్ల లోపు వస్తే, పగటి ప్రయాణమైతే, నేను సందేహించను. రెట్టింపు దాటితే మాత్రం ఎకానమీలో మంచి సీటు కొనుక్కుని, మిగిలిన డబ్బుతో దిగాక ఒక రాత్రి హోటల్లో పడుకోవడమే నయం.

బిజినెస్ క్లాసులో పూర్తిగా పడకగా మారే సీటును 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ మొదట ప్రవేశపెట్టింది. ఇప్పుడు ఏ350ల్లో ఒకటి-రెండు-ఒకటి అమరిక దాదాపు స్థిరపడింది కాబట్టి ఎవరినీ దాటకుండా నడవాలోకి రావచ్చు. తెర ఎన్ని అంగుళాలు, తలుపు ఉందా లేదా అన్నవి మొదటిసారి మురిపించే విషయాలు. పడుకున్నాక లెక్కకొచ్చేది పాదాలు పెట్టుకునే గూడు. ఒకరి పాదాలు ముందువారి పక్కబల్ల కిందికి దూరేట్టు ఈ సీట్లను అల్లుతారు కాబట్టి, పడక పొడవు ఆరున్నర అడుగులున్నా కొన వైపు సన్నబడిపోతుంది. వెల్లకిలా పడుకునేవారికి ఇబ్బంది లేదు. నాలాగా పక్కకు తిరిగి మోకాళ్లు ముడిచి పడుకునేవారికి ఆ గూడు సంకెలే. చాలా అమరికల్లో మొదటి వరుసకు ముందు మరో సీటు ఉండదు కాబట్టి అక్కడ గూడు పెద్దదిగా ఉంటుంది, గ్యాలీ వెలుతురును భరించగలిగితే. సీటు గుడ్డ మీద పరిచే పలచని పరుపు ఇచ్చే సంస్థకూ ఇవ్వని సంస్థకూ నిద్రలో గంటన్నర తేడా వస్తుంది. ఒక సంస్థవారు తలపైన విడి గాలి రంధ్రాలు పెట్టించుకోలేదు, క్యాబిన్‌ను వెచ్చగా ఉంచుతారు. అంత ధర పెట్టి చెమటతో మేలుకున్న రాత్రి చేతులూపుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది.

ఈ తరగతి అందరికీ సుఖమని నేనూ అనుకునేవాణ్ణే గాని, అమ్మను తీసుకెళ్లినప్పుడు మరో సంగతి తెలిసింది. ఆమెకు కిటికీ పక్కన తలుపున్న సీటు, నాకు దాని వెనక సీటు వచ్చాయి. పడక వేసి, తలుపు మూసి, సిబ్బంది ఎంతో మర్యాదగా చూసుకున్నారు. కాసేపటికి ఆమె తలుపు తోసుకుని వచ్చి, “డబ్బాల బెట్టి మూసినట్టున్నదిరా, నీ మొకమన్న కనవడుతలేదు” అన్నది. తెర మీద మీటలతో సీటు కదపడం ఆమెకు రాదు, పిలుపు మీట ఎక్కడుందో గుర్తుండదు, పిలవడానికి మొహమాటం. తిరుగు ప్రయాణంలో మధ్యనున్న జంట సీట్లు తీసుకుని, వాటి మధ్య అడ్డు దించాక హాయిగా నిద్రపోయింది. ఒళ్లు నొప్పులు లేకుండా దిగిన ప్రయాణం అదేనని ఇప్పటికీ చెబుతుంది. ఎకానమీలో వెళ్లిన మరోసారి, కూతురి పురిటికి వెళుతున్న కరీంనగర్ ఆవిడ పక్కన కూర్చోవడంతో, కాళ్లు వాచినా ప్రయాణం తెలియలేదన్నది. పెద్దవాళ్లకు టికెట్ కొనేవారు పడక పొడవుతో పాటు పక్కన ఎవరుంటారన్నదీ చూడాలి.

భోజనం గురించి క్లుప్తంగా చెబితే చాలు. పొడి గాలిలో ముక్కు మొద్దుబారి ఉప్పు, తీపి చప్పగా తోచడం అన్ని తరగతుల్లోనూ ఒకటే. బిజినెస్‌లో పింగాణీ పళ్లెం మారుతుంది గాని నాలుక మారదు. ఎకానమీలో ముందుగా శాకాహారం కోరి పెట్టుకుంటే అందరికన్నా ముందు వడ్డిస్తారు, తినేసి ముందుగా పడుకోవచ్చు. కరివేపాకు పొడి చిన్న పొట్లం వెంట ఉంటే ఆ అన్నం గట్టెక్కుతుంది. నూనె తేలే ఆవకాయను మాత్రం చేతి సంచిలో పెట్టకుండా చెక్-ఇన్ పెట్టెలోనే వేయాలి.

టికెట్ కొనేముందు నేను చూసే క్రమం ఇప్పుడు స్థిరపడింది. మొదట విమానం రకం, తర్వాత సీట్ల పటంలో వరుసకు తొమ్మిదా పదా అన్న లెక్క, ఆ తర్వాత బయలుదేరే వేళ, అన్నిటికన్నా చివర తరగతి. చివరి నిమిషంలో సంస్థలు విమానం మార్చేస్తుంటాయి; ఏ350 అని కొన్న టికెట్‌కు 777 వచ్చి, ఏరికోరి తీసుకున్న సీటు సంఖ్య వేరే వరసలో తేలుతుంది. అందుకే ప్రయాణానికి మూడు రోజుల ముందు ఒకసారి, శంషాబాదుకు బయలుదేరే ముందు మరోసారి సీట్ల పటం తెరిచి చూస్తాను. విమానం మారినట్టు కనబడితే వెంటనే ఫోన్ చేస్తే మధ్య వరస నడవా సీటు ఇంకా దొరికే అవకాశం ఉంటుంది. కౌంటరు దగ్గర అడిగితే అప్పటికే అవి అయిపోయి ఉంటాయి.