ఫాలోఅప్‌కి రాని పిల్లల డేటాకి ‘మైస్’ ఎంతవరకు పనికొస్తుంది

తలకు దెబ్బ తగిలిన పిల్లల్నో, కాలిన గాయాలైన పిల్లల్నో ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం ఏదైనా సరే, చివరికి చేతికొచ్చేది సగం గడులు ఖాళీగా ఉన్న పట్టికే. ఆ ఖాళీలను ఏం చేయాలన్న దగ్గర చాలామంది వాడే సాధనం, గణాంకాల విశ్లేషణకి వాడే ‘ఆర్’ ప్రోగ్రామింగ్ భాషలోని ‘మైస్’ ప్యాకేజీ. ఇది ఒక్కో ఖాళీని మిగతా కాలమ్‌ల ఆధారంగా అంచనా కట్టి నింపుతుంది. అలా నింపిన పట్టికలు ఒకటి కాదు, చాలా ప్రతులు తయారుచేసి, వాటి ఫలితాలను చివర్లో కలుపుతుంది. దీన్నే మల్టిపుల్ ఇంప్యుటేషన్ అంటారు. స్టెఫ్ వాన్ బ్యూరెన్, కరిన్ గ్రోట్‌హాయిస్-ఔడ్స్‌హోర్న్ దీన్ని వివరిస్తూ రాసిన ప్రధాన వ్యాసం 2011లో ‘జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్’లో వచ్చింది. ప్యాకేజీ ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. పిల్లల గాయాల ఫాలోఅప్‌కి ఇది ఎలా పనికొస్తుందన్నంత వరకే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాను: ప్యాకేజీ పనితనంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ అదిచ్చే జవాబుకి ఎంత విలువ ఉంటుందన్నది, పిల్లవాడు అధ్యయనంలో ఉన్నన్నాళ్లూ మీరు ఏం రాసుకున్నారన్నదాని మీదే ఆధారపడుతుంది.

ముందు నష్టం ఎలాంటిదో చూడాలి. 400 మందితో మొదలుపెట్టి ఒక్కో విడతలో 10 శాతం మంది జారిపోతే, అయిదో విడతకి మిగిలేది 236 మందే. సంఖ్య తగ్గడం వల్ల అంచనాలు వదులవుతాయి, అంతే. దాన్ని ఎక్కువమందిని చేర్చుకుని సర్దుకోవచ్చు. ఎవరు జారిపోయారన్నది మాత్రం అలా సర్దుకునేది కాదు. ఆదాయం తక్కువ ఉన్న ఇళ్లు, తరచూ ఇల్లు మారేవాళ్లు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తల్లులు ముందుగా దొరక్కుండా పోతారు. వాళ్ల పిల్లలకి కోలుకోవడమూ సగటున కష్టమే. ఇది ఒక వైపు లాగుతుంది. ఇంకో వైపు, దెబ్బ పూర్తిగా నయమైన పిల్లవాడి తల్లిదండ్రులు ‘బాగానే ఉన్నాడు కదా, మళ్లీ ఎందుకు రావడం’ అనుకుని మానేస్తారు. తల మీద చిన్న దెబ్బ, అంటే స్పృహ స్థాయిని 3 నుంచి 15 వరకు కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ మీద 13 నుంచి 15 వచ్చినవాళ్లలో ఇది బాగా కనిపించే సంగతి. అప్పుడు మిగిలినవాళ్లలో ఇంకా తలనొప్పి, నిద్రలేమి, చదువులో వెనుకబాటు ఉన్నవాళ్లే ఎక్కువై, గాయం ప్రభావం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. అంకెలు ఊహించినవే, లెక్క మాత్రం నిజం. 400 మందిలో 200 మంది ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలవాళ్లు, వాళ్లలో 40 శాతం మందికి రెండేళ్ల తర్వాతా సమస్యలు ఉన్నాయి. మిగతా 200 మందిలో 20 శాతం మందికి ఉన్నాయి. మొత్తం మీద నిజమైన రేటు 30 శాతం. మొదటి గుంపులో సగం మంది, రెండో గుంపులో 90 శాతం మంది వచ్చారనుకోండి. వచ్చినవాళ్లను మాత్రమే లెక్కిస్తే 280 మందిలో 76 మంది, అంటే 27 శాతం. కుటుంబ స్థితి రాసిపెట్టుకుని ఉంటే మైస్ దీన్ని తిరిగి 30 దగ్గరికి తెస్తుంది. ఇది దానికి బాగా వచ్చిన పని.

ఇప్పుడు ఒక్కటి మార్చండి. మొదటి గుంపులో సమస్య ఉన్నవాళ్లు 70 శాతం వచ్చారు, నయమైనవాళ్లు 40 శాతమే వచ్చారు. అంటే 56 మంది, 48 మంది. ఖాళీలను అలాగే వదిలేసి లెక్కిస్తే 284 మందిలో 92 మంది, 32 శాతం. మైస్‌కి కుటుంబ స్థితి ఒక్కటే ఇచ్చి నింపమంటే, ఆ గుంపులో 54 శాతం మందికి సమస్యలున్నాయని నమ్మి, మొత్తాన్ని 37 దగ్గరికి తీసుకెళుతుంది. నిజం 30. ఏమీ చేయకుండా ఉంటేనే దగ్గరగా ఉండేది! రెండు తప్పులు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ప్యాకేజీ ఒకదాన్ని మాత్రమే తీసేసింది. ప్యాకేజీ చెడ్డదని దీని అర్థం కాదు. మూడో నెలలో లక్షణాలు ఎలా ఉన్నాయో అడిగి రాసుకుని ఉంటే, ఆ కాలమ్ కూడా ఇచ్చినప్పుడు జవాబు మళ్లీ 30 వైపు వస్తుంది. ‘మల్టిపుల్ ఇంప్యుటేషన్ చేశాం’ అని పేపర్లో ఒక్క వాక్యం రాసి ఊరుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చేత్తో చేసి చూడాలని గట్టిగా కోరుతున్నాను.

వాడకానికి వస్తే, పిల్లవాడికి ఒక వరుస చొప్పున పట్టిక పెట్టుకోవాలి: గాయానికి ముందు స్థితి, 3 నెలలు, 12, 24, 36 నెలలు అన్నీ పక్కపక్కన కాలమ్‌లుగా. అప్పుడు ముందు విడతల స్కోర్లు తర్వాతి విడతల్ని నింపడానికి వాటంతటవే ఉపయోగపడతాయి. మొదట ఖాళీల నమూనా చూపించే ఫంక్షన్ నడపండి. ఒకసారి పోయినవాళ్లు మళ్లీ రాలేదా, మధ్యలో ఒక విడత తప్పి తిరిగి వచ్చారా అన్నది అక్కడే తెలుస్తుంది. ఈ రెండు రకాలూ వేరు, కారణాలూ వేరు. తర్వాత ప్రెడిక్టర్ మాట్రిక్స్, అంటే ఏ కాలమ్‌ని వేటి ఆధారంగా నింపాలో చెప్పే పట్టిక: వరుసలో ఉన్నది నింపాల్సిన కాలమ్, నిలువుగా ఉన్నవి దానికి ఆధారాలు. చాలామంది తిరగేసి రాస్తారు, ఏ ఎర్రరూ రాదు. ‘క్విక్‌ప్రెడ్’ అనే సహాయక ఫంక్షన్ సహసంబంధం 0.1 దాటిన కాలమ్‌లను తానే ఎంచుకుంటుంది, వందల కాలమ్‌లున్నప్పుడు అది పెద్ద ఉపకారం. అయితే వయసు, గాయం తీవ్రత, కుటుంబ స్థితి, చివరి విశ్లేషణలో ఉండే ప్రతి చలరాశి దాన్లో తప్పనిసరిగా ఉండేలా మీరే చేర్చాలి. ఫలితం కాలమ్‌ని ఆధారాల్లోంచి తీసేయడం పాత అలవాటు. తీసేస్తే గాయానికీ ఫలితానికీ ఉన్న సంబంధం సున్నా వైపు జారుతుంది.

డిఫాల్ట్‌గా వచ్చే 5 ప్రతులు (నింపిన పట్టికలు), 5 ఆవృత్తులు (ఒక్కో ప్రతిలో నింపే పనిని మళ్లీ మళ్లీ చేసే సార్లు) మార్చండి. ఏదో ఒక ఖాళీ ఉన్న పిల్లలు ఎంత శాతమో కనీసం అన్ని ప్రతులు పెట్టడం మంచి కొలత. 40 శాతం మందికి ఖాళీలుంటే 40. ఆవృత్తులు 20 దాకా పెంచి, ఒక్కో ప్రతిలో నింపిన విలువల సగటు గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఏ వైపూ ఎక్కకుండా ఉన్నాయో లేదో ప్లాట్‌లో చూడండి. యాదృచ్ఛిక ఎంపికలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సీడ్ సంఖ్య రాసిపెట్టుకోకపోతే మర్నాడు అవే అంకెలు రావు.

అంకెల కాలమ్‌లకి డిఫాల్ట్ పద్ధతి ‘పీఎంఎం’ (ప్రెడిక్టివ్ మీన్ మ్యాచింగ్). ఖాళీ ఉన్న పిల్లవాడికి ఒక అంచనా కట్టి, ఆ అంచనాకి దగ్గరగా ఉన్న 5 మంది అసలు పిల్లల్ని దాతలుగా తీసుకుని, వాళ్లలో ఒకరి నిజమైన స్కోర్‌ని యాదృచ్ఛికంగా ఇస్తుంది. 0 నుంచి 100 ఉండే జీవన నాణ్యత స్కోర్‌కి 104 రావడం, మైనస్ రావడం ఉండదు. చాలా ఇష్టమైన గుణం ఇది. కానీ పిల్లల గాయాల డేటాలో దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. తీవ్రమైన తలగాయమై, కోమా స్కేల్ 8 లేదా అంతకన్నా తక్కువ వచ్చి, 24వ నెలలో కూడా వచ్చినవాళ్లు 12 మందే అనుకోండి. పోయిన ముప్పై మందికీ ఆ పన్నెండు మంది స్కోర్లే మళ్లీ మళ్లీ పంచిపెడుతుంది. ఆ పన్నెండు మందిలో కనిష్ఠం 45 అయితే 45 కన్నా తక్కువ స్కోర్ తీవ్ర గాయం నుంచి రావడానికి దారే లేదు, వేరే గుంపు నుంచి అరువు వస్తే తప్ప. నింపిన విలువలు ఎలా పరుచుకున్నాయో చూపే డెన్సిటీ ప్లాట్‌ని గాయం తీవ్రత వారీగా విడదీసి చూడండి. నింపిన విలువలను చూపే ఎరుపు గీతలు రెండు మూడు శిఖరాలుగా విడిపోయి కనిపిస్తే దాతల కరువే కారణం.

పిల్లల జీవన నాణ్యతని కొలిచే ‘పెడ్స్‌క్యూఎల్’ లాంటి ప్రశ్నావళులు వాడేవాళ్లకి ఇంకో సంగతి. దాన్లో ఒక స్కేల్‌లోని ప్రశ్నల్లో సగానికి మించి ఖాళీగా ఉంటే స్కోర్ కట్టకూడదన్నది దాని నియమం. అంతకన్నా తక్కువైతే మిగతావాటి సగటు తీసుకుంటారు. ముందు ఆ నియమం ప్రకారం స్కోర్లు కట్టి, మొత్తం విడత పోయినప్పుడే మైస్‌కి అప్పగిస్తే మోడల్ తేలిగ్గా ఉంటుంది. బడికి వెళ్లని రెండేళ్ల పిల్లకి బడి ప్రశ్నల గడి ఖాళీగా ఉండడం తప్పిపోయిన డేటా కాదు. దాన్ని నింపనివ్వకూడదు. మధ్యలో చనిపోయిన పిల్లల సంగతీ అంతే, వాళ్లకి 36వ నెల స్కోర్ అనేదే లేదు. ప్యాకేజీకి ఆ తేడా తెలియదు, అడిగితే నింపేస్తుంది. నింపకుండా అడ్డుకునే సదుపాయం ఉంది కానీ, ఆ కాలమ్ ఇంకోదానికి ఆధారమైనప్పుడు ఖాళీ అటు పాకుతుంది. నింపనిచ్చి, విశ్లేషణకి ముందు ఆ గడుల్ని తిరిగి ఖాళీ చేయడం సులువు.

ఆసుపత్రి కోడ్, ప్రాంతం కోడ్ లాంటి యాభై రకాలున్న కాలమ్‌ని అలాగే పెడితే ‘వెయిట్స్ ఎక్కువయ్యాయి’ అని ఆగిపోతుంది. రకాలను కలిపి తగ్గించాలి, లేదా ఆసుపత్రినో ప్రాంతాన్నో గుంపుగా లెక్కలోకి తీసుకునే బహుళస్థాయి పద్ధతికి మారాలి. ఇంతకన్నా ప్రమాదం, ఆగకుండా నడిచిపోయే తప్పు: ఒకదానికొకటి అచ్చంగా సరిపోయే కాలమ్‌లను అది చెప్పాపెట్టకుండా ఆధారాల్లోంచి తీసేసి, చివర్లో ‘లాగ్‌డ్ ఈవెంట్స్’ అని ఒక్క హెచ్చరిక వదులుతుంది. ఆ పట్టిక తెరిచి చదవనివాళ్లకి తమ మోడల్లో ఏముందో తెలియనట్టే.

రాని కారణం రాని స్కోర్ మీదే ఆధారపడితే, అంటే గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ 1976లో చేసిన వర్గీకరణలో యాదృచ్ఛికం కాని ఖాళీలైతే, డేటాలోంచి దాన్ని కనిపెట్టే మార్గం లేదు. అప్పుడు నింపిన స్కోర్లకి 5, 10, 15 పాయింట్లు కలిపి, తర్వాత అంతే తీసేసి, తీర్మానం ఎక్కడ మారుతుందో చూడాలి. మైస్‌లో ‘పోస్ట్’ అనే ఆర్గ్యుమెంట్‌తో ఇది ఒక వరుసలో అయిపోతుంది. రెండు జాగ్రత్తలు: షరతు రాయకపోతే ఒక విడత తప్పి తిరిగి వచ్చిన పిల్లలకీ అదే మార్పు పడుతుంది. మార్చిన విలువలు తర్వాతి ఆవృత్తుల్లో మిగతా కాలమ్‌ల అంచనాలోకి వెళ్లి తిరిగి వస్తాయి కాబట్టి, మీరు 10 అన్నా చివర్లో తేడా అంతకన్నా ఎక్కువగా తేలవచ్చు. ఎంత తేలిందో కొలిచి రాయండి.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. ఖాళీలు ఫలితం కాలమ్‌లలోనే ఉండి, మిగతావన్నీ నిండి ఉంటే, అన్ని విడతల స్కోర్లనూ కలిపి చూసే మిక్స్‌డ్ మోడల్ దాదాపు అదే జవాబిస్తుంది, శ్రమ తక్కువ. విశ్లేషణలో పెట్టని అదనపు సమాచారం మీ దగ్గర ఉన్నప్పుడే మైస్ దాన్ని మించుతుంది. ఆ అదనపు సమాచారంలో అన్నిటికన్నా విలువైనది ఎవరూ దాచుకోనిది: పోయిన విడతలో ఆ ఇంటిని పట్టుకోవడానికి ఎన్ని ఫోన్లు చేయాల్సి వచ్చింది, ఎన్ని అపాయింట్‌మెంట్లు తప్పాయి, చిరునామా ఎన్నిసార్లు మారింది. ఏడో ఫోన్‌కి దొరికిన కుటుంబం, అసలు దొరకని కుటుంబానికి మనకున్న దగ్గరి పోలిక. ఆ కాల్ లాగ్‌ని ఒక కాలమ్‌గా మార్చి ఇవ్వండి.

నింపడం కన్నా రప్పించడం ఎప్పుడూ మేలన్నదానికి న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ అధ్యయనమే సాక్ష్యం. 1972-73లో పుట్టిన 1,037 మందితో మొదలై, 45 ఏళ్ల వయసు విడతలో బతికున్న 997 మందిలో 938 మందిని పరీక్షించారు. దూరంగా ఉన్నవాళ్లను ప్రయాణం ఖర్చు పెట్టి రప్పించారు. అలాంటి డేటాలో ఏ పద్ధతి వాడినా జవాబు పెద్దగా కదలదు.

చివరగా, అన్ని ప్రతుల ఫలితాలను కలిపే ‘పూల్’ ఫంక్షన్ ఫలితంలో గుణకం, పీ-విలువ మాత్రమే చూసి మూసేయకండి. ఆ ఫలితంలోనే ‘ఎఫ్ఎంఐ’ కూడా ఉంటుంది, ఆ అంచనాలో ఎంత భాగం సమాచారం పోయిందో చెప్పే అంకె. గాయం తీవ్రత గుణకానికి అది 0.5 దాటితే, ఆ అంచనాలోని అనిశ్చితిలో సుమారు సగం, ఇంకా ఎక్కువ కూడా, పోయిన డేటా వల్లే వస్తోంది. దాన్ని ఫలితాల పట్టికలోనే వేయాలి, అనుబంధంలో కాదు. వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ మొదటి రోజు స్థితిలో తేడా చూపించే పట్టిక కూడా దాని పక్కనే ఉండాలి.