అట్లాంటాలో కటింగ్‌కి: ఆబర్న్ అవెన్యూ దగ్గరి బార్బర్ షాపు

కటింగ్ 35 డాలర్లు, టిప్ వేరే. ఫేడ్ (పక్కల్లో కిందికొచ్చేకొద్దీ జుట్టు పొట్టిగా కత్తిరించే కటింగ్) మాత్రం భలే కుదిరింది. శనివారం అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్తే నిలబడాల్సిందే.

కబుర్లు ఉచితం. నల్లజాతీయుడైన ఓనరు 2008లో, 2012లో ఒబామాకే వేశాడట, 2024లో ట్రంప్‌కి. "నాకు సాయం వద్దు. పన్ను తగ్గించి, పర్మిట్ త్వరగా ఇస్తే పక్క షాపు కూడా నేనే తీసుకుంటా" అన్నాడు. గోడ మీద అలోంజో హెర్న్‌డన్ ఫొటో చూపించాడు: బానిసగా పుట్టి, క్షౌరశాలలతో సంపాదించి, 1905లో అట్లాంటా లైఫ్ బీమా సంస్థకి పునాది వేసినాయన.

సాయం అక్కర్లేదన్న ఓనరు వాదన నాకు సగమే ఎక్కింది. అదే ఏడాది పౌరహక్కుల కోసం నల్లజాతి మేధావి డుబాయిస్ పెట్టిన నయాగరా సమావేశానికీ హెర్న్‌డన్ వెళ్లాడు కదా అన్నాను. పక్క కుర్చీలోని పెద్దాయన, పక్కా డెమోక్రాట్, "అలా అడుగు బాబూ!" అని పగలబడి నవ్వాడు. ఓనరు రేజర్ ఆపి, "వెళ్లాడు. సొంత డబ్బుతో వెళ్లాడు" అన్నాడు.

గడ్డానికి ఇంకో 15. కార్డు తీసుకోరు, నగదు పట్టుకెళ్లండి.