ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2: సోఫాలో కూర్చుని చదవగలిగే గేమ్

హన్మకొండలోనో కాజీపేటలోనో ముందుగదిలో 32 అంగుళాల టీవీ, దానికి ఎనిమిది అడుగుల దూరంలో సోఫా. గేమ్‌లో అక్షరాలు బాగున్నాయా లేదా అన్నది అక్కడ కూర్చునే తేల్చాలి. 1080p (1920×1080 పిక్సెళ్ల) తెర మీద కన్సోల్ గేమ్ అక్షరం కనీసం 26 పిక్సెళ్ల ఎత్తుండాలని ఎక్స్‌బాక్స్ యాక్సెసిబిలిటీ (లోపాలున్నవారూ ఆడగలిగే వీలు) మార్గదర్శకాలు చెబుతాయి. 32 అంగుళాల టీవీ మీద అది సెంటీమీటరుకు కాస్త తక్కువ. టీవీ అంతకన్నా తక్కువ పిక్సెళ్ల 1366×768 రకం అయితే ఆ అక్షరానికి దక్కేది 18 పిక్సెళ్లే. సన్నటి గీతలు అలుక్కుపోతాయి.

2020 జూన్‌లో ప్లేస్టేషన్ 4కి, 2025 ఏప్రిల్‌లో పీసీకి వచ్చిన ఈ గేమ్‌లో 60కి పైగా యాక్సెసిబిలిటీ సెట్టింగులున్నాయి. చూపు, వినికిడి, చేతి కదలికల కోసం మూడు ప్రీసెట్లు (కావాల్సిన సెట్టింగులన్నీ ఒకేసారి ఆన్ చేసేవి) ఇచ్చారు. చూపు మరీ తక్కువైతే ప్రీసెట్ ఆన్ చేస్తే చాలు. అక్షరాలతోనే ఇబ్బందైతే విడివిడిగా పెట్టుకోవడం మేలు. ముందు సబ్‌టైటిల్ సైజు పెంచండి. తర్వాత వాటి వెనక నల్లటి పట్టీ ఆన్ చేయండి. మంచు సీన్లలో తెల్లక్షరం తెల్లదనంలో కలిసిపోతుంది, ఎంత పెంచినా పట్టీ లేనిదే ఆనదు. మాట్లాడే మనిషి పేరు, తెర బయట నుంచి మాట్లాడితే ఆ దిక్కు చూపే బాణం కూడా పెట్టుకోవచ్చు. వినికిడి తక్కువున్నవారికి ఈ బాణం చాలా పెద్ద సాయం. చివరగా హెచ్‌యూడీ, అంటే ఆట మధ్యలో తెర మీద కనిపించే గుర్తులు, అంకెల సైజు, రంగు మార్చుకోండి.

అన్నిటికన్నా గొప్పది హై కాంట్రాస్ట్. పరిసరాలన్నీ బూడిదరంగులోకి పోయి, మనవాళ్లు, శత్రువులు, తీసుకోవాల్సిన వస్తువులు తలా ఒక రంగులో తేలతారు. రంగుల అమరికలు మూడున్నాయి, ఒకదాంట్లో తేడా పట్టలేనివాళ్లు ఇంకోటి చూడాలి. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలిని ఎడమకు జరిపితే ఆన్, మళ్లీ జరిపితే ఆఫ్. చూపు ఓ మోస్తరుగా ఉన్నవారు పోరాటాల్లో మాత్రమే వాడితే మంచిది, లేకపోతే ఆ అందమైన లొకేషన్లన్నీ పోతాయి.

ఇన్ని చేసినా అంచుల్లో అక్షరాలు తెగితే తప్పు గేమ్‌ది కాదు. టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి చుట్టూ కత్తిరిస్తోంది. టీవీ పిక్చర్ సైజును 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్'కు మార్చండి. షార్ప్‌నెస్ తగ్గిస్తే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు పోతుంది.

ఒక్క లోటు, తెలుగు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు కూడా తెలుగు మాట్లాడదు. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవారికి ఈ సెట్టింగుల్లో సగం అక్కరకు రావు. తెలుగులో గేమ్ చేసేవారు ఇదే కొలతలు ఉన్నవున్నట్టు తీసుకుంటే కుదరదు. 26 పిక్సెళ్లలోనే పైన గుడి, కింద వత్తు పట్టాలంటే అసలు అక్షరం చిన్నదైపోతుంది. ఇంగ్లీషుకు కొలిచిన పెట్టెలో 'రాష్ట్రం' వేసి చూడండి, కింది వత్తులు తెగుతాయి. అక్షరం సైజుతో పాటు వరుసల మధ్య జాగా కూడా పెంచాలి.