కల్వకుర్తిలో పాత సిమెంటు రేకులు మార్పించిన: ఆ షాపోళ్ల పని ఎట్లున్నదంటే

మాది కల్వకుర్తి. ముందు గదిల నా టైలరింగు, వెనక రెండు గదులల్ల మేము. అన్నిటికి మా మామయ్య ఏయించిన సిమెంటు రేకులే. కోతులు దుంకి దుంకి చీలినయ్. ప్రతి వానకాలం తారు పట్టీలు అతికించుడే పని. ఈసారి రోహిణి కార్తె రాకముందే పీకించి కలర్ రేకులు ఏయించినం. చేసింది ఇక్కడి వెల్డింగ్ షాపోళ్లే. పేరు రాస్తలేను, మెచ్చుకునేటియి ఉన్నయ్, కోపమొచ్చేటియి కూడ ఉన్నయ్.

కొలతలకు వచ్చిన మేస్త్రి పైకి చూడకముందే నా దండెం చూసిండు. పెండ్లిళ్ల సీజను, గది నిండ మంది జాకెట్లు, పట్టుచీరలు. "అక్కా, ఇవన్ని ఈడుంటే నేను రేకు ముట్ట. పట్టా కప్పుతా అంటే కూడ ఒద్దు, ఎవరింట్లనన్న పెట్టిరాండ్రి" అన్నడు. అంతకుముందు ఇంకో షాపాయన ధర తక్కువనే చెప్పిండు గని, సామాను సంగతి అడిగితే "ఏం కాదమ్మా" అని చెయ్యి ఊపిండు. ఆ మాటకే ఆయనను ఒద్దనుకున్న.

ఎందుకంటే ఆ పాత రేకులల్ల ఆస్‌బెస్టాస్ ఉంటది. పగలగొడితే, కోస్తే కంటికి కనవడని సన్న పోగులు లేస్తయ్. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. బట్టల మీద పడితే దులిపినా లాభం లేదు, మళ్ల గాల్లకే లేస్తయ్. కస్టమర్ల జాకెట్లు అట్ల ఎట్ల ఇయ్యాలె?

మేస్త్రి ఇంకా శానా చెప్పిండు. సర్వీసు వైరు రేకు పైపుకే కట్టి ఉండె, లైన్‌మన్‌ను పిలిచి ఇప్పించినంకనే పని అన్నడు. ఫ్యాన్లు దించినం, డిష్ పీకినం. బియ్యం బస్తాలు మా చెల్లె ఇంటికి పోయినయ్. బీరువా కదల్లేదు, దానికి ప్లాస్టిక్ చుట్టి అంచులకు టేపు వెట్టినం. మిషన్లను కూడ అట్లనే చుట్టినం, మోటరు సందులకు దుమ్ము పోతే మళ్ల మెకానిక్‌కే ఇయ్యాలె. సంపు మూత మీద తడి గోనె పరిసినం. పక్కింటి పెద్దమ్మ మిద్దె మీద వడియాలు ఎండవెడ్తది, ఆమెకు ముందే చెప్పమన్నడు. అది నాకు మస్తు నచ్చింది, లేకుంటే కొట్లాట నాకే అయితుండె.

ఇప్పుడు వాళ్లు రేకు దించుడు చెప్త. పత్తికి మందు కొట్టే పంపు, అదీ కొత్తది, నీళ్లు నింపి రేకులన్ని తడిపిండ్రు. రేకు మీద కాలు వెట్టలే, పైపుల మీద చెక్కలేసుకొని నిలవడ్డరు. పాత సిమెంటు రేకు మనిషి బరువు ఆపదు. రేకును పైపుకు పట్టే వంకీ బోల్టులుంటయ్, జె బోల్టులంటరు. తుప్పు పట్టిన వాటిని కోసిండ్రు గని రేకును కోయలే. ఒక్కొక్కటి తాడు కట్టి నిలువుగ దించి, గోడకు ఆనిచ్చిండ్రు. పైనుంచి ఇసిరేసే వాళ్లను మా గల్లీల శానామందిని చూసిన, అందుకే ఇది పనిగట్టుకొని రాస్తున్న.

గని మొఖానికి మాత్రం దస్తీలు కట్టుకున్నరు. ఆ పోగులకు దస్తీ అడ్డమా? మాస్కులు తెస్తనన్న మేస్త్రి ఉత్త చేతులతోని వచ్చిండు. మెడికల్ షాపుకు పోయి ఎన్95లు నేనే తెచ్చి ఇచ్చిన. ఇద్దరు పెట్టుకున్నరు, ఒకాయన ఊపిరాడుతలేదని తీసి జేబుల వెట్టుకున్నడు.

కొత్త రేకు 0.5 మి.మీ. మందం. సందేహముంటే చూసుకోమని గేజి నా చేతికే ఇచ్చిండు. స్క్రూలు రేకు గట్టు మీద వేసిండ్రు, నీళ్లు పారే గాడిల కాదు. రబ్బరు వాషరు పిండినట్టు బిగియ్యలే. కింద ఫోం షీటు ఏయిస్తే ధర పెరుగుతది గని ఏయించుకోండ్రి, అది లేకుంటే పాలమూరు ఎండకు ఇనుప రేకు కింద కూసొని కుట్టలేరు. ఫోం ఉన్నా వాన చప్పుడు ఉంటది. మొన్న గట్టి వానకు మిషన్ చప్పుడే ఇనవడలే. సిమెంటు రేకు కింద ఇంత మోత లేకుండె.

అసలు కోపం ఎక్కడంటే, అంచులు గ్రైండరుతోని రేకు మీదనే కోసిండ్రు. ఆ ఇనుప రజను అట్లనే ఇడిసి పోయిండ్రు. ఒక్క వాన పడంగనే నీలి రేకు మీద గోధుమ చుక్కలు లేచినయ్. ఫోన్ చేస్తే "రంగేస్తమక్కా" అన్నరు, రజను ముందే మెత్తటి చీపురుతోని ఊడిస్తే రంగెందుకు? మీరు చేయించుకుంటే, రేకులు కిందనే కత్తెరతోని కోయమని ముందే ఒప్పుకోనియ్యండ్రి.

ఇంకోటి, పాత రేకులు వాళ్లు తీస్కపోరు. బేరమప్పుడు ఆ ముచ్చటే తియ్యలే. ఇప్పుడు ఇంటెనక ప్లాస్టిక్ చుట్టి ఉన్నయ్. బర్ల కొట్టానికి ఇయ్యిమని ఒకాయన అడిగిండు, చీలిన రేకులు ఇయ్యనన్న. మున్సిపాలిటీల అడగాలె.

నా లెక్కల ఐదుకు మూడున్నర. సగం అడ్వాన్సు అడుగుతరు, మిగిలింది మొత్తం అయినంకనే ఇయ్యిండ్రి. గాలి దుమారం రోజు పని పెట్టుకోరు, అది మంచిదే. ఫోన్ చేస్తే పొద్దుగాలనే చెయ్యండ్రి, పది దాటితే రేకు మీద ఉంటరు, ఎత్తరు.