ఏడాదిన్నర కౌన్సెలింగ్‌కు వెళ్లాక నా మాట

37 వారాలు నిండాక మా పాప కడుపులోనే పోయింది. అది జూన్. సెప్టెంబర్ నుంచి ఏడాదిన్నర పాటు గుంటూరు కొత్తపేటలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మొదట్లో రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. సిట్టింగ్‌కు 600 రూపాయలు.

వెళ్లేముందు చాలా టెన్షన్ పడ్డాను. "మనకేం పిచ్చా అమ్మా, అక్కడికెందుకు?" అన్నారు అత్తయ్య. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "చిన్న వయసే కదా, మళ్లీ పుడతార్లే" అనేవారు. పాప ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

కౌన్సెలర్ మేడమ్ మొదటి రోజే అడిగారు, "పాపది ఎవరి పోలికమ్మా?" అని. నాకు గొంతు పెగల్లేదు. ఆవిడ తొందరపెట్టలేదు. కాసేపటికి చెప్పాను. నర్సు పచ్చ టవల్లో చుట్టి చూపించింది, తలనిండా జుట్టు, చెవులు అచ్చం మా నాన్నవి. మూడు నెలల్లో మా పాప గురించి నోరు తెరిచి మాట్లాడింది ఆ గంటే. నా వరకు ఆ ఒక్క ప్రశ్నకే ఏడాదిన్నర ఫీజూ చెల్లిపోయింది.

పాలు పడటం గురించి కూడా అక్కడే మాట్లాడగలిగాను. పురుడైన మూడో రోజు జాకెట్ తడిసిపోయింది. ఇలా అవుతుందని ఆసుపత్రిలో ఎవరూ ముందు చెప్పలేదు. పాలు ఆగడానికి అమ్మ మల్లెపూలు కట్టింది. ఇప్పటికీ ఆ వాసన వస్తే నా చేతులు వణుకుతాయి. మాయ బయటికి రాగానే హార్మోన్లు మారి, బిడ్డ ఉన్నా లేకపోయినా పాలు పడతాయని మేడమ్ విడమరిచి చెప్పారు. స్కూటీ ఎక్కినందుకే ఇలా అయిందేమోనని నేను కుమిలిపోతుంటే, అన్ని పరీక్షలూ చేసినా చాలామందికి కారణం తేలదని చెప్పి, నా రిపోర్టులతో మళ్లీ డాక్టర్ దగ్గరికి పంపారు.

కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోలేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే ఆవిడే సైకియాట్రిస్ట్‌కు చూపించుకోమన్నారు. ఆరు నెలలు మాత్రలు వాడాను. అర్ధరాత్రి మరీ భారంగా ఉన్నప్పుడు 14416కు ఫోన్ చేసేదాన్ని. అది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్, మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంకో విషయం, మా ఆఫీసులో పది రోజుల సెలవు చాలన్నారు. కానీ 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో బిడ్డ అంటే చనిపోయి పుట్టిన బిడ్డ కూడా అనే ఉండేది. ఆ సంగతి అడిగాకే నాకు సెలవు వచ్చింది.

నచ్చనివి రెండున్నాయి. కౌన్సెలింగ్ గది పక్కనే స్కానింగ్ గది. రెండింటికీ ఒకటే హాలు. రెండోసారి వెళ్లినప్పుడు నా పక్కన కూర్చున్న అమ్మాయి చేతుల నిండా సీమంతం గాజులు. అవి గలగలమంటుంటే నేను మెట్లు దిగి వెళ్లిపోయాను. ఆ తర్వాత అడిగితే, ఎవరూ రాకముందే తొమ్మిదింటికి నాకు టైమ్ ఇచ్చారు. అడగకముందే ఇవ్వాల్సింది.

రెండోది నాకు ఇంకా బాధగానే ఉంది. ఎనిమిది నెలల పాటు మావారిని ఒక్కసారీ పిలవలేదు. ఆయన మిర్చి యార్డులో గుమస్తా. మే నెలలో యార్డుకు సెలవులిస్తే, నన్ను దింపడానికి వచ్చి బయట బండి మీదే కూర్చున్నారు. మేడమ్ కిటికీలోంచి చూసి లోపలికి రమ్మన్నారు. పాపను పూడ్చిపెట్టిన చోటు ఆ రోజు చెప్పారాయన. మామయ్య గొడుగు పట్టుకుంటే, దారంతా పాపను తనే ఎత్తుకుని వెళ్లారట. అంత బరువు ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, నేనూ అడగలేదు.

ఎక్కడికి వెళ్లినా సరే, మొదటి రోజే ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆయన బయట ఉంటానంటే, లోపలికి పిలవమని మీరే అడగండి.