ఆప్ట్‌అవుట్‌ప్రీస్క్రీన్: ఐదేళ్లు వాడాక నా మాట

అమెరికాలో ఇల్లు కొనే ఆలోచన ఉంటే ప్రీ అప్రూవల్‌కి, అంటే ఎంత లోన్ ఇస్తారో లెండర్ దగ్గర ముందే తేల్చుకోవడానికి, వెళ్లే ముందే ఈ సైట్‌లో పేరు పెట్టుకోండి. మన అప్పుల చరిత్ర దాచే క్రెడిట్ బ్యూరోలకి, మా వివరాలు ఆఫర్లు పంపేవాళ్లకి అమ్మొద్దని చెప్పేది ఇందులోనే. తర్వాత పెడితే అప్పటికే చేతులు మారిన మన నంబరు వెనక్కి రాదు.

లెండర్ మన క్రెడిట్ రిపోర్ట్ తీయగానే, వీళ్లు ఇంటి లోన్ కోసం చూస్తున్నారన్న సమాచారాన్ని క్రెడిట్ బ్యూరోలు వేరే లెండర్లకు అమ్ముకునేవి. దీన్నే ట్రిగ్గర్ లీడ్ అంటారు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మేం మొదటి ఇల్లు కొన్నప్పుడు పొద్దున రిపోర్ట్ తీశారు, మధ్యాహ్నానికల్లా ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడైతే "మీ ఫైల్లో ఒక డాక్యుమెంట్ తక్కువైంది, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలు చెప్పండి" అంది. మన లోన్ ఆఫీసర్ మనుషులే కాబోలని మా ఆయన చెప్పబోతుంటే, ఏ కంపెనీ అని అడిగాను. ఏదో గొణిగి పెట్టేసింది.

ఆ టెన్షన్ పడలేక 2021లో ఇద్దరం ఆ సైట్‌లో ఆప్ట్ అవుట్ చేశాం, అంటే మా వివరాలు అమ్మొద్దని చెప్పేశాం. ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, ఇన్నోవిస్ నాలుగింటికీ ఇదొక్కటే సైట్. పైసా ఖర్చు లేదు, క్రెడిట్ స్కోరుకి ఏమీ కాదు. సైట్ వద్దనుకుంటే 1-888-567-8688కి ఫోన్ చేయొచ్చు. ఆన్‌లైన్‌లో చేస్తే ఐదేళ్లే. శాశ్వతంగా కావాలంటే ఫారం ప్రింట్ తీసి, సంతకం పెట్టి పోస్టులో పంపాలి. ఈ కాలంలో పోస్టేమిటో! భార్యాభర్తలు కలిసి లోన్ తీసుకుంటుంటే ఎవరిది వాళ్లే చేసుకోవాలి.

తర్వాత రీఫైనాన్స్‌కి, అంటే పాత లోన్ తీర్చి కొత్త లోన్ తీసుకోవడానికి, వెళ్లినప్పుడు తేడా బాగా తెలిసింది. రిపోర్ట్ తీసిన వారమంతా ఫోన్ ప్రశాంతంగా ఉంది. క్రెడిట్ కార్డు ఆఫర్ల కవర్లు కూడా తగ్గిపోయాయి. కార్డు బోనస్‌ల మీద మోజున్నవాళ్లకి అది నష్టమే అనుకోండి.

ఇది ఆపలేనివీ ఉన్నాయి. ఇల్లు రిజిస్టర్ కాగానే ఆ వివరాలు కౌంటీ రికార్డుల్లో అందరికీ కనిపిస్తాయి. అక్కడి నుంచి తీసుకుని ఉత్తరాలు పంపుతారు. పైన మన లెండర్ పేరు, లోన్ మొత్తం, పెద్ద అక్షరాల్లో "ఫైనల్ నోటీస్". మీ లెండర్‌తో మాకు సంబంధం లేదన్న ముక్క మాత్రం అడుగున చీమ తలకాయంత. లోపల అమ్మేది ఇన్సూరెన్సో, హోమ్ వారంటీయో. టెక్సస్‌లో ఉచితంగా వేసుకోగలిగే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి (సొంతంగా ఉండే ఇంటి మీద ప్రాపర్టీ టాక్స్ తగ్గింపు) డబ్బులడిగే ఉత్తరం కూడా వచ్చింది. అన్నీ చెత్తబుట్టకే. మరో మాట, క్రెడిట్ ఫ్రీజ్ చేసినంత మాత్రాన, అంటే మన పేరు మీద కొత్త అప్పులు పుట్టకుండా రిపోర్ట్‌కి తాళం వేసినంత మాత్రాన, బ్యూరోల నుంచి వివరాలు కొని పంపే ఆఫర్లు ఆగవు.

2025 సెప్టెంబరులో ట్రిగ్గర్ లీడ్స్‌కి కళ్లెం వేస్తూ కేంద్ర చట్టం వచ్చింది, అమలు 2026 మార్చి నుంచి. అయినా మన ప్రస్తుత లోన్ సర్వీసర్‌కీ (నెలనెలా వాయిదాలు వసూలు చేసే కంపెనీ), ఖాతా ఉన్న బ్యాంకుకీ మినహాయింపు ఉంది. మనం ఒప్పుకున్నా అమ్మొచ్చు, కాబట్టి అప్లికేషన్‌లో ఆ సమ్మతి పేరా ఉందేమో చూసి సంతకం పెట్టండి. పైగా ఈ చట్టం ఇంటి లోన్లకే. అందుకే నేను ఆప్ట్ అవుట్ మానను. మా ఐదేళ్లు అయిపోవచ్చాయి. ఈసారి శాశ్వత ఫారాలే ప్రింట్ తీశాను, స్టాంపులు కొనాలి.